ఆవిడ పెట్టిన ఎర్రచుక్కలు

ఉప్పెన వచ్చిపోయిన మరుసటి ఏడాది నేను దివిసీమలో నర్సుగా పనిచేశాను. మాది గుడివాడ. బందరు నుంచి వచ్చిన ఇంకో నర్సూ నేనూ అవనిగడ్డలో ఒకే గదిలో అద్దెకుండేవాళ్లం.

నీళ్లు నిలిచిన పల్లెల్లో చలిజ్వరాలు ముదిరాయి. కడుపుతో ఉన్నవాళ్లకు ఆ జ్వరం వస్తే తల్లికీ బిడ్డకీ గండమే. ఏ పల్లెలో ఎందరు గర్భిణులున్నారో, వాళ్లలో ఎందరికి జ్వరం తగిలిందో తెలిస్తేగాని ఎన్ని మాత్రలు తెప్పించాలో అంచనా వెయ్యలేమన్నారు డాక్టరుగారు. ఇల్లిల్లూ తిరిగి పల్లెల మ్యాపులు గీసి, గర్భిణి ఉన్న ఇంటిమీద ఎర్రచుక్క పెట్టమన్నారు. జ్వరం ఉంటే చుక్క చుట్టూ సున్నా.

నా గీతలు అచ్చువేసినట్టుండేవి. ఆ బందరావిడవి కోడి కెలికినట్టుండేవి. అయినా డాక్టరుగారు ఆవిడ మ్యాపులే గోడకి అంటించారు. నా కాగితాలు తెల్లగా ఉన్నాయి, ఆవిడవాటి నిండా చుక్కలే. "ఇంతమంది ఎలా దొరికారమ్మా నీకు?" అని ఆయన మెచ్చుకుంటే ఆవిడ నవ్వి ఊరుకుంది. నాకు ఒళ్లంతా కారం రాసుకున్నట్టయింది.

ఒక వారం నేను జ్వరంతో పడుకుంటే నా పల్లె ఒకటి ఆవిడే చూసింది. నేను మూడు చుక్కలు పెట్టిన చోట పదకొండు పెట్టింది. ఇక ఆగలేకపోయాను. "దొంగచుక్కలండీ, కూర్చున్నచోట పెట్టేసింది" అని డాక్టరుగారికి చెప్పేశాను.

"అయితే వెళ్లి చూద్దాం పదండి" అన్నారాయన.

ఆవిడ అబద్ధాలకోరని తేలాలని జీపులో దారిపొడుగునా దేవుడికి మొక్కుకున్నాను.

మొదటి ఇంట్లో అమ్మాయికి ఐదో నెల. రెండో ఇంట్లో నాలుగో నెల. పదకొండు ఇళ్లూ నిజమే. ఆఖరి ఇంట్లో ఒకామె దుప్పటి కింద గజగజ వణుకుతోంది.

"నేనడిగితే ఏం లేదన్నావేం?" అని మొదటి అమ్మాయిని నిలదీశాను.

"మీరు గుమ్మంలోకి రాగానే పుస్తకం తీస్తారు కదండీ. పేరు రాసుకుని పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కి పట్టుకెళ్తారని భయం. ఆమధ్య మా మరిదిని అలాగే తీసుకెళ్లారు."

"మరి ఆవిడకెలా చెప్పావు?"

"ఆవిడ మా అత్త పక్కన కూచుని చేపలు తోమిందండీ. నేనే చెప్పుకున్నాను."

డాక్టరుగారు వణుకుతున్నామెను జీపెక్కించారు. కాలిపోతున్న ఆ తల నా భుజంమీదే ఉంది. అప్పుడు కూడా, ఈమెను కనిపెట్టింది నేను కాదే అన్న బాధే నాకు. నెలలు నిండాక ఆమె ఆడపిల్లను క్షేమంగా కంది.

గదికి వెళ్లేసరికి ఆవిడ అన్నం వారుస్తోంది.

"డ్రైవరు చెప్పాడు. నా మీదే చెప్పావటగా?"

అవునన్నాను.

"సర్లే, కూచో. ఇకనుంచి మ్యాపు నువ్వు గియ్యి, చుక్కలు నేను చెప్తా. నా గీతలు నాకే అర్థం కావు" అంటూ కంచంలో అన్నం పెట్టింది. తిట్టినా బాగుండేది.

ఆ ఏడాదంతా కలిసే తిరిగాం. పుస్తకం సంచిలోనే ఉంచి మాట్లాడటం నేర్చుకున్నాను. నాకూ చెప్పడం మొదలుపెట్టారు. అయినా గట్టుమీద మా ఇద్దరినీ చూసి ఆడవాళ్లు ముందు ఆవిడనే పిలిస్తే నాకు చివుక్కుమనేది.

ఆవిడకు బందరు బదిలీ అయింది. బస్సెక్కించి నిజంగానే ఏడ్చాను. తిరిగి నడుస్తుంటే మాత్రం, రేపట్నుంచి నన్నే పిలుస్తారు కదా అనిపించి, ఏడుపు మధ్యలోనే సంతోషమేసింది.