ఏడున్నర సైజు

బూట్ల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ వదిన అనే పిలిచేవారు. ప్యాకింగులో పనిచేసే ఆడపడుచు "వదినా" అని కేకేస్తూ కంప్యూటర్ గదికి వచ్చిపోతుంటే, ఆ పిలుపు అందరికీ అంటుకుంది. పిల్లలు ఎదిగాక ప్రోగ్రాములు రాయడం నేర్చుకుని ఉద్యోగంలో చేరిన మనిషి. కొత్త సంగతి ఏదైనా బుర్రకెక్కిందంటే కాలు ఒకచోట నిలవదు.

ఒకరోజు ఆడపడుచు ఒక పెట్టె పట్టుకుని పరుగున వచ్చింది.

"వదినా, లోపల ఏడున్నర బూట్లు. పైన చీటీ చూస్తే ఏడు! అర ఎవరు మింగేశారు?"

కంపెనీ అప్పుడే అర సైజులు మొదలుపెట్టింది. మింగింది చీటీల ప్రోగ్రామేనని వదిన పట్టేసింది. అందులో సైజంటే రెండంకెలు, అంతే. గోదాము ప్రోగ్రాములో ఇంకోలా, బిల్లులో మరోలా. ఎవరికి వారే యమునా తీరే.

"చీటీ ఒక్కటి సరిచెయ్యమ్మా, లారీ ఎదురుచూస్తోంది," అన్నాడు మేనేజరు.

"చేస్తానండీ. కానీ ఇవాళ చీటీ, రేపు గోదాము... ఎన్నని మాట్లు వేస్తాం? సైజంటే ఇదీ అని ఒక్కచోట రాసిపెడతాను. ప్రోగ్రాములన్నీ అక్కణ్ణుంచే తీసుకుంటాయి."

"నడుస్తున్న బండిని కెలకడమెందుకమ్మా?"

"ఒక్కోటీ పరీక్షించాకే వదుల్తానండీ."

మేనేజరు గొణుగుతూనే సరేనన్నాడు.

చీటీ సరిచేసి లారీని పంపాక, ప్రోగ్రాములన్నిటికీ ఉమ్మడిగా ఉండే నిఘంటువులో, అంటే ఏ వివరం ఎలా ఉండాలో రాసిపెట్టే పట్టికలో, 'బూటు సైజు' అని కొత్త డేటా టైపు సృష్టించింది. నాలుగు అక్షరాలు పడతాయి, అర రాయొచ్చు, లేని సైజు కొడితే ఒప్పుకోదు. వానాకాలమంతా ప్రోగ్రాముల్లోని పాత కొలతలు పీకేసి ఆ పేరు తగిలించింది. అన్నం దగ్గరా అదే ముచ్చట.

"అన్నయ్యకన్నా ఆ టైపునే ఎక్కువ తలుచుకుంటున్నావే వదినా!" అని ఆడపడుచు నవ్వేది.

వానలు వెలిశాయి. వెడల్పు పాదాలవాళ్లకీ బూట్లు కుట్టాలని కబురొచ్చింది. సైజు పక్కన ఇంకో అక్షరం చేరాలి.

"మళ్లీ అన్నీ విప్పాలా?" మేనేజరు మొహం వేలాడేశాడు.

వదిన ఆ ఒక్క టైపూ తెరిచింది. నాలుగును ఐదు చేసి, వెడల్పు గుర్తుకు చోటిచ్చి, మీట నొక్కింది. చీటీ, గోదాము, బిల్లు... ఒక్కో తెరా తెరిచి చూసింది. అన్నిట్లోనూ కొత్త అక్షరం బుద్ధిగా కూర్చుని ఉంది!

"వచ్చిందండీ! అన్నిట్లోనూ వచ్చేసింది!"

"ఏదీ, ఇంకోసారి చూపించు," అని కుర్చీ లాక్కున్నాడు మేనేజరు. కళ్లారా చూశాక ఆయనకే ఆత్రం పెరిగింది. "తోలు రంగులకీ ఇలాగే చేసెయ్యొచ్చా అమ్మా?"

"ఎందుకు కాదండీ!" అంటూనే వదిన ప్యాకింగుకు దిగే మెట్లమీద ఉంది. ఆడపడుచుకు చెప్పకుండా ఆగగలదా? తోలు రంగుల పని మర్నాడే మొదలైంది.