అన్న లేని తీజ్

మొన్న ఆదివారం ఇబ్రహీంపట్నంలో మా అన్న జ్ఞాపకార్థం ఏటేటా జరిగే కూడికకు పోయాను. పాటలూ ప్రార్థనా అయ్యాక భోజనాల బంతిలో నా పక్కన మా తండా పెద్దాయన కూర్చున్నాడు. ఒకప్పుడు అన్నను తీజ్ పండుగ నుంచి వెనక్కి పంపినది ఆయనే. పప్పు బాగుందని ఆయన మళ్ళీ వేయించుకున్నాడు.

మా లంబాడీల్లో పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, పాటలు పాడుతూ రోజూ నీళ్ళు పోసి మొలకలు పెంచుతారని నా ఈడు వాళ్ళకు తెలిసే ఉంటుంది. చివరినాడు కుంట గట్టున ఆ మొలకలు తెంచి అన్నదమ్ముల తలపాగాల్లో పెడితే, వాళ్ళు మా కాళ్ళు కడిగి, అత్తారింటికి పోయే పిల్లలమని కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళు. నాకు పెళ్ళి కుదిరింది కనుక ఆ ఏడు నాకదే ఆఖరి తీజ్. అప్పటికి కొన్ని నెలల ముందే అన్న యేసును నమ్ముకున్నాడు. వదిన ఇక బతకదని దవాఖానలో అన్నప్పుడు, ఎవరూ పిలవకుండానే వచ్చి ఆమె మంచం పక్కన మోకరించి ప్రార్థన చేసిన క్రైస్తవులను అతను మరిచిపోలేకపోయాడు. అయినా పండుగనాడు ఎర్ర తలపాగా చుట్టుకొని కుంట గట్టుకు వచ్చాడు.

"దేవుణ్ణే మార్చుకున్నవ్, ఇంక నీకు తీజెందుకురా?" అన్నాడు పెద్దాయన.

"దేవుణ్ణి మార్చుకున్న గని, చెల్లెను ఇడ్సిపెట్టలే గద కాకా" అన్నాడు అన్న.

బాపు తల వంచుకున్నాడు. అన్న తలపాగా విప్పి భుజాన వేసుకొని వెళ్ళిపోయాడు. తీజ్ నాడు ఆడపిల్లలు ఏడవడం ఆచారమే కనుక నా ఏడుపు ఎవరికీ వేరుగా కనపడలేదు.

ఆ గట్టుకు ఎందుకు పోయినవని ఇబ్రహీంపట్నం ప్రార్థన మందిరంలోనూ అన్నను అడిగారట. రెండు చోట్లా మాట పడ్డాక అన్న తండాకు రాక అక్కడే ఉండిపోయాడు. అమ్మ మాత్రం అంగడి వంకతో ఆదివారాలు వచ్చి, ప్రార్థన అయ్యేదాకా మందిరం ఎదుటి చాయ్ హోటల్ ముందు నిలబడేది. అన్న బయటికొచ్చి ఆమెకు చాయ్ ఇప్పించి, నిలబడే నాలుగు మాటలు మాట్లాడేవాడు. ఆ సంగతి బాపు ఉన్నన్నాళ్ళూ అమ్మ ఇంట్లో ఎత్తలేదు.

ఇప్పుడు మా తండా చుట్టూ ప్లాట్లు పడ్డాయి. మా లంబాడీల గురువు సేవాలాల్ గుడీ చర్చీ ఒకే రోడ్డు మీద ఉన్నాయి, ఒకే ఇంట్లో రెండు రకాల మొక్కులూ సాగుతున్నాయి. అప్పుడంత పట్టింపు ఎందుకని మనవరాళ్ళు అడుగుతారు. పట్టింపులు పోయినందుకు సంతోషమే. కాకపోతే, అవి పోయేదాకా అమ్మా బాపూ అన్నా బతికి లేరు.