గుట్ట మీది ఫ్యాన్లు

మా వైపు గాలిమర అని ఎవరూ అనరు. ఫ్యాను అంటారు. బేతంచెర్ల నుంచి మా ఊరికి వచ్చే దారిలో, నాపరాళ్ల గనులు దాటగానే గుట్టల మీద వరసగా కనిపిస్తాయి. మా అన్న పోయాక ఆలోచిస్తుంటే, ఆయన చివరి ఏళ్లన్నీ ఈ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాయని అనిపిస్తోంది. ఇంట్లో ఫ్యాను గాలి విసురుతుంది. కాబట్టి గుట్ట మీది ఫ్యానూ గాలి విసరాలి. అంత పెద్దది విసిరితే మేఘం నిలుస్తుందా? వానొస్తే ఫ్యాన్ల కంపెనీకి నష్టం, అందుకే మేఘాలను తరుముతున్నారు. ఇదీ ఆయన చెప్పేది. ఊళ్లో చాలామంది ఇదే అనుకునేవాళ్లు. వాళ్లు అరుగు మీద అనుకుని, దులుపుకుని ఇంటికి పోయేవాళ్లు. మా అన్న దాన్ని ఇంట్లోకి తెచ్చుకున్నాడు.

కారణం ఆయన కొడుకు. వాడు చదివిన చదువుకు ఆ ఫ్యాన్ల దగ్గరే ఉద్యోగం దొరికింది. చేరిన రోజు నుంచి అన్న వాడితో మాట్లాడడం మానేశాడు. వాడు ఎదురుగా కూర్చుని ఉన్నా, "వానికి అన్నం పెట్టు" అని మా వదినకు చెప్పేవాడు. వాడు కూడా అట్లాగే తల్లి ద్వారా జవాబిచ్చేవాడు. ఒకసారి నా ముందే జరిగింది.

"అమ్మా, నాయనకు చెప్పు. గాలి దాన్ని తిప్పుతాది, అది గాలిని తిప్పదు. మన ఫ్యానుకు కరెంటిస్తే గాలొస్తాది. దానికి గాలి తగిలితే కరెంటొస్తాది."

"అట్లయితే దానికి ఫ్యాను అని పేరెందుకు పెట్టినారో అడుగు" అన్నాడు అన్న.

"మీ ఇద్దరి మధ్య నేనేమన్నా టెలిఫోనా?" అని వదిన గిన్నె ఠక్కున పెట్టి లేచిపోయింది.

నేను కర్నూలులో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. వివరిస్తే అర్థమవుతుంది అనేది నా వృత్తి నాకు అంటించిన నమ్మకం. అన్న ఇంటికి పోయినప్పుడల్లా ఏదో ఒక రుజువు పట్టుకుపోయేవాణ్ణి.

"మన చిన్నప్పుడు వానల్లేక, గడ్డి లేక ఎద్దులను అమ్ముకుంటిమి కదన్నా. అప్పుడు యాడుండాయి ఫ్యాన్లు?"

"అప్పుడు దేవుడు చేసినాడు. దేవుడు ఒకేడు ఎండబెడితే ఇంకోయేడు ఇస్తాడు. వీళ్లు ఇయ్యరు."

తర్వాత ఎప్పుడో మరమ్మతుల కోసం ఫ్యాన్లన్నీ కొన్నాళ్లు ఆగాయి. అయినా వాన చుక్క పడలేదు. ఇంతకంటే రుజువేం కావాలని సంబరంగా చెప్పాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. "మనం అట్ల అనుకోవాలనే నిలిపినారు. శానా చదువుకున్నావు గానీ, నీకు మోసం తెలీదురా."

నేను తెచ్చిన ప్రతి రుజువూ చివరికి ఆయన వైపే చేరింది. వాదనలో గెలవలేకపోవడం నాకు పెద్ద బాధ కాదు. ఆ వంటింట్లో తండ్రీ కొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా తినడం చూడలేకపోయేవాణ్ణి. అది మారకుండానే ఎవరో ఒకరు పోతారేమోనని భయం. అన్నకు అప్పటికే గుండె జబ్బు.

ఒక సాయంత్రం వానొచ్చింది. మంచి వాన. ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. చూరు నీళ్లు నాపబండల మీద పడి మా కాళ్లు తడుపుతున్నాయి. ఎదురుగా గుట్ట మీద ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

"సూడన్నా. తిరుగుతానే ఉండాయి, వాన పడతానే ఉండాది."

ఆయన చాలాసేపు చూశాడు. ఈసారి ఒప్పుకుంటాడనుకున్నాను.

"ఎదురు తిప్పుతాండారు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. మెల్లగా, "వాడే తిప్పింటాడు. నాయన చేను ఎండిపోతాందని" అన్నాడు.

అంతలోనే వాడు తడిసి ముద్దై బండి దిగాడు. అన్న లేచి, తన భుజం మీది టవలు తీసి వాడికిచ్చాడు. "తల తుడుచుకోరా. జలుబు చేస్తాది." వాడు టవలు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. "నువ్వే కదా తిప్పింది?" అన్నాడు అన్న. వాడు నా వైపు చూశాడు. నేను చూరు నీళ్లు చూశాను.

"అన్నం తిందాం పా నాయనా" అన్నాడు వాడు. అవుననలేదు. కాదనలేదు.

ఆ తర్వాత ఇంట్లో మాటలు మొదలయ్యాయి. వాన పడితే కొడుకు పంపించాడు. పడకపోతే పైవాళ్లు వాడి చెయ్యి పట్టుకున్నారు. అన్న ఇదే ఊరంతా చెప్పుకున్నాడు. నేను రుజువులు తేవడం మానేశాను. ఎండిన చేను ముందు ఏళ్ల తరబడి నిలబడినవాడికి, ఇది ఎవరూ చేసింది కాదు అనే మాట ఎంత కష్టమో అప్పటికి నాకు కొంత తెలిసింది. ఎవరో చేశారంటే, ఎవరో ఒకరు ఆపగలరు.

మొన్న ఆయన దినాలకు ఊరంతా వచ్చింది. భోజనాలయ్యాక పక్క చేను రైతు, మా అన్న ఈడువాడే, మావాడి దగ్గరికొచ్చాడు. గుండు మీద చెయ్యి వేసి నిమిరాడు.

"ఏమప్పా, మీ నాయనుండగా ఒకసారి ఎదురు తిప్పినావంట కదా. విత్తనం ఏసేకి నేలలో పదును లేదు. ఒక రెండు దినాలు మా కోసరం తిప్పించప్పా."

ఆ రోజు గాలి లేదు. గుట్ట మీద ఒక్క ఫ్యానూ కదలడం లేదు. ఆకాశంలో మేఘమూ లేదు. చెయ్యెత్తి చూపిస్తే చాలు. నేను చూపించలేదు.

"సూస్తాలే పెద్దనాయనా" అన్నాడు మావాడు.

ఆయన తృప్తిగా తలూపి పోయాడు. మావాడు విస్తళ్లు ఎత్తడానికి వంగి, నా వైపు చూడకుండానే అన్నాడు: "కాదంటే నాయన అబద్ధం చెప్పినట్లయితాది, చిన్నాయనా."

నేనూ వంగి ఇంకో విస్తరి ఎత్తాను.