అవ్వకు కొలత తీసిన మధ్యాహ్నం

బతికున్న మనిషి చావుకు చుట్టాలను రప్పించిన ఘనత మా వంశంలో నాకొక్కదానికే దక్కింది. అదీ చదువుకోవడం వల్ల.

తమిళనాడులోని కోవిల్‌పట్టిలో ప్లస్ వన్‌కు, అంటే పదకొండో తరగతికి, ఇంజనీరింగ్ గ్రూపు తీసుకున్నాను. ఇంట్లో ఎవరికైనా పనికొచ్చే వస్తువొకటి సొంతంగా డిజైన్ చేసి తెమ్మన్నారు మా సారు. అవ్వకు మోకాళ్లు పట్టేసి, ఎవరైనా లేపితేగాని మంచం దిగలేకపోయేది. నొప్పికన్నా, ఒకరిని పిలవాల్సి రావడమే ఆమెకు కష్టం. తనంతట తాను లేచేలా, పక్కన పట్టుకునే కడ్డీ ఉన్న మంచం చేద్దామనుకున్నాను.

"వాడే మనిషిని కొలవకుండా గీత గీయొద్దు. ముందు చవక సామానుతో నమూనా కట్టండి," అన్నారు సారు.

చవక సామానంటే రెండు పచ్చి వెదుర్లు, ఒక చుట్ట కొబ్బరితాడు. మెలకువలో అవ్వ కొలవనివ్వదు గనక మధ్యాహ్నం నిద్రపోయేదాకా కాచుకున్నాను. ఈగలు వాలకుండా ముఖం మీద కొంగు కప్పుకుని వసారాలో మంచం మీద వెల్లకిలా పడుకుంది. పక్కన వెదుర్లు పరిచి, తల నుంచి పాదాల దాకా టేపు పట్టాను.

మా వైపు మనిషిని పడుకోబెట్టి కొలిచేది పాడె కట్టడానికే. దానికీ కావాల్సింది వెదుర్లూ తాడే. ఇది ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఇంజనీరింగ్ గ్రూపులో చేరాక నేనొక్కదాన్నే మరిచిపోయాను.

పక్కింటి పెద్దమ్మ వాకిట్లోకి వచ్చి, చూసి, కొయ్యబారిపోయింది.

"ఏమి పాపా ఇది?"

అవ్వ లేస్తుందేమోనని నోటి మీద వేలు పెట్టాను.

"మీ నాయనకు చెప్పినావా?" గొంతు తగ్గించి అడిగింది.

"సాయంత్రం చెప్తా పెద్దమ్మా. ముందు కొలత ముగియనీ."

"ఎంత గుండె ధైర్యమే నీకు," అని కళ్లు తుడుచుకుంటూ వెళ్లింది. ఒక మంచానికి ఇంత మెచ్చుకోలా అని పొంగిపోయాను. మీరైనా పొంగిపోరా?

ఆమె ఫోను చేసినట్టుంది. పొద్దు వాలకముందే విరుదునగర్ నుంచి అవ్వ తమ్ముడు, మా చిన్నతాత, ఆటో నిండా ఆడవాళ్లతో దిగాడు. చేతిలో కొత్త కోక. ఆడమనిషి పోతే కడసారి కోక కప్పాల్సింది పుట్టింటివాళ్లే.

"అక్కా, నన్ను ఒంటిగా విడిచి పోతివే," అంటూ వచ్చాడు.

అవ్వ కొంగు తీసి చూసింది. "ఎవురు పోయినారు?"

పరీక్షలో చీటీ దాచే కుర్రాడిలా చిన్నతాత కోకను వీపు వెనక్కి తిప్పాడు.

"చేతిలో ఏమిరా?"

"ఏమీ లేదక్కా."

"చూపిచ్చు." అంచు నలిపి చూసింది. "బతికుండంగా పండగకు కూడా ఒకటి తేలేదే. దీనికి మాత్రం పట్టంచు కోక."

"అంగట్లో వాపసు తీసుకుంటారక్కా."

"ఎందుకు వాపసు? నా కోసరం తెచ్చింది కదా. కట్టుకుంటా."

లేపడానికి అందరూ చేతులు చాచారు. నేను వెదురొకటి మంచం పక్కన నిలబెట్టి గట్టిగా పట్టుకున్నాను. అవ్వ దాన్ని పట్టుకుని, ఎవరి చేయీ అందుకోకుండా లేచి నిలబడింది.

"ఇది బాగుండాది," అంది. వచ్చినవాళ్లందరికీ కాఫీ పెట్టించి, ఎవరు నిజంగా ఏడ్చారో ఎవరు ఏడవలేదో చెప్పి మరీ పంపించింది.

వెదురు స్థానంలో ఇనుప కడ్డీ వచ్చింది. కొలతలప్పుడు ఇబ్బందులేమైనా వచ్చాయా అని సారు అడిగారు. "చుట్టాలు వచ్చారు సార్," అన్నాను.

ఆ కడ్డీ పట్టుకుని అవ్వ ఏళ్లతరబడి తనే లేచింది. ఈమధ్య ఒక ఉదయం లేవలేదు. చిన్నతాతకు నేనే ఫోను చేసి చెప్పాను. ఆయన మెల్లగా అడిగాడు:

"నిజంగానేనా పాపా, లేక ఇస్కూలు పనా?"

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పడుకున్న మనిషి దగ్గరికి ఇక టేపుతో వెళ్లను. తప్పనిసరైతే, ఎవరూ పోలేదని ముందుగా విరుదునగర్‌కు కబురు పంపిస్తాను. కోకలు తేదలచినవాళ్లను మాత్రం ఆపను.