టైర్లు కొనేముందు అడవులదీవి ఇసుకలోకి

మా పికప్ బండికి ఏడాది తిరక్కుండానే రెండోసారి టైర్లు మార్చాల్సి వచ్చింది. మావారు అడవులదీవి దగ్గర ఇసుకలో ఎండబెట్టే చేపలను బాపట్ల, తెనాలి వ్యాపారులకు చేరవేస్తారు. క్రితం నెల కర్లపాలెం దగ్గర వెనక టైరు పేలి, సరుకుతో ఉన్న బండి కాలువ గట్టు మీదికి వాలి ఆగింది. ఆయనకు మోచెయ్యి గీసుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. ఇంకాస్త జారి ఉంటే ఏమయ్యేదో ఆలోచించే ధైర్యం నాకు లేదు. పేలిన టైరు స్థానంలో స్టెప్నీ తగిలించి నెట్టుకొస్తున్నాం. మిగిలినవీ అరిగిపోయాయి.

తెనాలిలో టైర్ల షాపు రహీం గారు మూడు రకాలు చూపించారు. ఒక్కోటి ఏడు వేల నుంచి తొమ్మిది వేల దాకా ఉంది. “వీటిలో ఏది ఎక్కువ మన్నుతుందండి?” అని అడిగితే, “షాపులో ఉన్నంతకాలం అన్నీ మన్నుతాయమ్మా” అని నవ్వేశారు. ఖరీదైనవి వేశాం, చవకవీ వేశాం, రెండూ పోయాయి. ఆ బండి తిరిగే దారి చూడకుండా మళ్ళీ అంత డబ్బు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. రేపు నేనూ వస్తానన్నాను. “చేపల వాసనకి నువ్వు ఉండలేవు” అన్నారు మావారు. “మీ చొక్కాలు ఉతికేదెవరు?” అన్నాను.

మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి తెనాలి నుంచి బయలుదేరి, వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె చేరేసరికి ఆరున్నర దాటింది. స్టేషన్ దగ్గర ఇడ్లీ ప్లేటు నలభై రూపాయలు, సాంబారు వేడివేడిగా పోశారు. అక్కడే వెనక టైర్లకు అరవై పాయింట్ల గాలి కొట్టించారు. ఇంత శ్రద్ధగా చూసుకునే మనిషి బండికి టైర్లెందుకు నిలవడం లేదో నాకు అర్థం కాలేదు. నిజాంపట్నం హార్బరులో బోట్లను కాసేపు చూసి, అడవులదీవి వైపు తిరిగాం.

తారు రోడ్డు అయిపోయిన చోట మావారు దిగి, ఒక పుల్ల ఏరి, టైరు వాల్వులో గుచ్చారు. బుస్సుమని గాలి పోసాగింది.

“ఏంటండీ, కొట్టించిన గాలి తీసేస్తున్నారు?”

“తీయకపోతే ఇసుక మింగేస్తుంది. దిగి చూడు.”

నేను బండి పక్కనే నడిచాను. నా కాళ్ళు చీలమండల దాకా కూరుకుపోతున్నాయి. టన్నున్నర పైన బరువున్న ఆ బండి మాత్రం మెత్తబడిన టైర్లను వెడల్పుగా పరుచుకుంటూ, ఏనుగు అడుగులు వేసినట్టు, ఇసుక మీద పైపైనే సాగిపోయింది. వెనక మిగిలిన అచ్చులను తాకి చూశాను. వేలెడు లోతు కూడా లేవు. రోజూ ఇంటి ముందు నిలబడే బండి ఇంత పని చేస్తుందని నాకు ఇన్నేళ్ళుగా తెలియదు.

దిబ్బ దాటగానే నేల కనిపించలేదు. సముద్రం దాకా వలల మీద పరిచిన సన్న చేపలు ఎండలో తళతళలాడుతున్నాయి. ఎంతసేపు చూసినా ఒక చివర నుంచి ఇంకో చివరకు చూపు ఆనలేదు. వాసన సంగతే మరిచిపోయాను. ఆ చేపలను ఎండబెట్టే ఆడవాళ్ళ పెద్ద నాంచారమ్మ మమ్మల్ని చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

“ఏంటబ్బాయ్, ఇయ్యాల ఇంటామెను కూడా తెచ్చావ్?”

“టైర్లు కొనడానికి వచ్చింది అత్తా.”

“టైర్ల కోసం చేపల కాడికొచ్చిందా! బాగుందమ్మా నీ బేరం!” అందరూ పగలబడి నవ్వారు. గంపలు ఎక్కిస్తూ ఆవిడే అంది: “మిగతా బళ్ళోళ్ళు రోడ్డు మీదే ఆగిపోతారమ్మా. గంపలన్నీ మా నెత్తిన అక్కడిదాకా మొయ్యాల. మీ ఆయనొక్కడే ఇక్కడికొస్తాడు. అందుకే సరుకు ఆయనకే ఇస్తాం.”

టైర్లను ఇసుకే తినేస్తోందనుకుని, అందులోకి దిగొద్దని చెబుదామని అప్పటికే నాలుక చివర దాకా తెచ్చుకున్న మాట మింగేశాను.

టన్ను సరుకుతో తారెక్కగానే మావారు ఆపకుండా బాపట్ల వైపు తోలారు. మరి గాలి మాటేమిటని అడిగితే, “ఇక్కడ షాపు లేదు. బాపట్లలో కొట్టిస్తా, రోజూ అంతే” అన్నారు. కర్లపాలెం ఇంకా రాలేదు, బండి వెనక భాగం ఊగుతున్నట్టు అనిపించింది. ఆపమన్నాను. దిగి టైరు పక్క గోడ మీద అరచెయ్యి పెట్టి, చటుక్కున తీసేశాను. అట్ల పెనంలా కాలుతోంది.

“మీరూ పెట్టి చూడండి.”

పెట్టారు. ఆయన ముఖం మారిపోయింది.

“టైరు పేలిన రోజు కూడా గాలి కొట్టించకుండానే వచ్చారా?”

“వ్యాపారి తొందరపెట్టాడు…” అన్నారు.

గాలి తక్కువైన టైరు బరువుకు తిరిగిన ప్రతిసారీ నలుగుతుంది, నలిగి వేడెక్కుతుంది, లోపలి పోగులు తెగుతాయి. మేం తిట్టని కంపెనీ లేదు. సరుగుడు తోటల నీడలో ముప్పావు గంట ఆగి, టైర్లు చల్లబడ్డాక మెల్లగా కర్లపాలెం వెళ్ళి గాలి నింపించాం. బాపట్లలో సగం సరుకు దించి, నూట ఇరవై రూపాయల భోజనం చేసి, పొన్నూరు మీదుగా సాయంత్రానికి తెనాలి చేరాం. డీజిల్‌కు సుమారు పదమూడు వందలైంది.

రహీం గారి దగ్గర పక్క గోడలు గట్టిగా ఉండి, మా బరువును మించి మోయగలవని టైరు మీదే రాసి ఉన్న మధ్య రకం నాలుగు తీసుకున్నాను. ఖరీదైన రకం కొననందుకు మిగిలిన డబ్బుతో, బండి బ్యాటరీకి తగిలించే గాలి పంపు అడిగాను.

“పంపు పట్టుకుని రోడ్డు మీద కూర్చుంటే అందరూ నవ్వుతారే” అన్నారు మావారు.

“నవ్వేవాళ్ళంతా టైర్లకు నా దగ్గరికే వస్తార్లే అన్నా” అన్నారు రహీం గారు.

ఆ రాత్రి కొత్త టైర్లను తడిమి చూశాను. ఒక్కొక్కటి నేలను తాకేది నా రెండు అరచేతులంత మేర. టన్నుల బరువును, దాని ముందు కూర్చున్న మనిషిని మోసేది రబ్బరని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కంటికి కనిపించని గాలి అంత పని చేస్తుంటే దాన్ని పుల్లతో తీసి పారేసి, టైరు మన్నలేదని గొడవపడ్డాం. మొన్న మావారు అడవులదీవి నుంచి ఫోన్ చేశారు. వెనక పంపు డుగడుగమంటోంది. “ఇంకో అరగంట పడుతుంది, వ్యాపారికి చెప్పేశా” అన్నారు. ఆ చప్పుడు ఆగేదాకా ఫోన్ పెట్టలేదు నేను.

ఆ వైపు సరుకు బండితో వెళ్ళేవారికి ఒక్క మాట: ఇసుకలో దిగేముందు గాలి తగ్గించమని అందరూ చెబుతారు. తారెక్కిన చోటే మళ్ళీ నింపుకునే ఏర్పాటు ఉంటేనే వాల్వు మీద చెయ్యి వేయండి.