వరస చివర లేచే చెయ్యి

కోర్టులో ఇరవై రెండేళ్లు టైపు కొట్టిన మనిషి ముందుగానే పదవీ విరమణ పుచ్చుకుని, నలభై ఆరో ఏట విశ్వవిద్యాలయం సంగీత శాఖలో పియానో నేర్చుకోవడానికి చేరింది. పుర్రెకో బుద్ధి అంటారే, అదీ. తరగతిలో అందరూ ఆమె కూతురి ఈడువాళ్లు. మొదటి వారమే 'టైపక్క' అని పేరు పెట్టేశారు. ఆవిడా ముచ్చటపడి దానికే పలికేది.

పేరు ఊరికే రాలేదు. టైపు మిషన్ మీద వరస పూర్తికాగానే ఎడమచేత్తో మీట తోసి కాగితాన్ని జరపాలి కదా. పియానో ముందూ అంతే. స్వరాల వరస చివరికి రాగానే ఎడమచెయ్యి దానంతటదే గాల్లోకి లేచి, లేని మీటను తోసేది. పాట అక్కడ కుంటేది. "మొక్కై వంగనిది మానై వంగుతుందా" అని నవ్వేసేది గానీ, మొదటి ఏడాది పరీక్ష పోయింది అందుకే. రెండోసారి తప్పితే పేరు కొట్టేస్తారు. అది తలుచుకుంటే ఆమెకు అన్నం సహించేది కాదు.

మాష్టారు ఆ చేతి మీద రబ్బరు ముక్క పెట్టి వాయించమనేవారు. "పడిందంటే మళ్లీ మొదటినుంచీ, అమ్మా." ఏడాదిలో పదకొండు నెలలు ఆ ముక్క నేలమీదే ఉంది.

భర్త బస్సు డ్రైవరు. మొదటిరోజు పియానో కిందికి వంగి చూసి, "పెడళ్లు మూడూ ఉన్నాయి, హారనేదీ?" అన్న మహానుభావుడు. పరీక్షనాడు పేజీ తిప్పాల్సిన పిల్లకు జ్వరం రావడంతో, వరండాలో ఉన్న ఆయన్నే లోపలికి లాక్కెళ్లింది.

"నేను తల ఊపగానే తిప్పండి. అంతే."

"బెల్లు కొడితే బండి ఆపడమేగా. నాకొదిలెయ్."

మొదటి పేజీలో ప్రతి వరస చివరా చెయ్యి లేవబోయి ఆగింది. పేజీ అయిపోవస్తోంది. తల ఊపింది. ఆయన కదల్లేదు. మళ్లీ ఊపింది. ఉహూఁ. పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు లేచింది ఆ పాడు చెయ్యి. లేచి, ఎదురుగా ఉన్న కాగితం కొస అందుకుని, చటుక్కున తిప్పేసి, వేళకి పియానో మెట్ల మీద దిగింది. పాట ఆగలేదు.

గంట తర్వాత మాష్టారు బయటికొచ్చి, "గట్టెక్కావమ్మా" అన్నారు. ఆయన అటు వెళ్లగానే టైపక్క మొగుడి మీద విరుచుకుపడింది.

"రెండుసార్లు ఊపాను. నిద్రపోయారా?"

"చూశాను. ఎందుకు ఊపావో మర్చిపోయాను." ఆయన తల గోక్కున్నాడు. "కోర్టు ముందు బస్సాపినప్పుడల్లా కిటికీలోంచి నీ వీపే కనిపించేది. పని చేస్తున్నప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో ఇన్నేళ్లలో ఇవాళే చూశాను."

ఆమె పుస్తకాల సంచి సర్దుకుంది.

"రేపటినుంచి సాధనకి రండి," అంది. "ఆ పక్కనే కుర్చీ వేయిస్తాను."