మా పిల్లలకు మూర్ఛ వచ్చిన రోజు

పెళ్ళయి నెల తిరక్కుండానే మా ఆయనకు గంపెడు పిల్లలున్నారని టాటానగర్ యార్డంతా నమ్మించిన ఘనత నాది. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదని నాకూ తెలుసు. కానీ మీరు ఎవరి నోటో వంకరటింకరగా వినేకంటే, చేసినదాన్ని నేనే చెబితే కాస్త తిన్నగా ఉంటుంది.

ఎనభైల మొదట్లో టెక్కలి పక్కనుంచి కొత్త కోడలిగా వచ్చి టాటానగర్ స్టేషను దగ్గరి బాగ్‌బేరా రైల్వే క్వార్టర్‌లో దిగాను. నాకు వచ్చిన హిందీ మొత్తం అగ్గిపెట్టెలో పట్టేస్తుంది. మా ఆయన వ్యాగన్లు బాగుచేసే ఫిట్టరు. మనిషి మంచివారే గానీ, నాకంటే ముందే ఆ ఇంట్లో కాపురం పెట్టినవాళ్ళు వేరే ఉన్నారు. పావురాలు! పెరట్లో చెక్కలతో చేసిన గూళ్ళు రెండు. పెద్దగూట్లో పెద్దవి, చిన్నగూట్లో అప్పుడప్పుడే ఎగరడం నేర్చినవి. వాటిని ఆయన 'పిల్లలు' అనే అనేవారు. "పిల్లలు తిన్నాయా? పిల్లలకి నీల్లు పెట్టేవా?" నేనూ అలాగే అలవాటుపడ్డాను. కొంప ముంచింది ఆ ముద్దుపేరే.

నేను దిగిన రోజు నుంచీ ఒకటే వాన. గూళ్ళ తలుపులు తెరిచిందే లేదు. అంటే ఆ పావురాలు ఎగరగా నేను ఒక్కసారీ చూడలేదు. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి, నా తరఫున చెప్పుకోవడానికి నాకున్నది అదొక్కటే.

వాన వెలిసిన రోజు మధ్యాహ్నం ఆయన డ్యూటీకి బయల్దేరుతూ సైకిలు మీంచి చెప్పారు.

"పెద్దోటి తలుపు కాసేపు తీసి ఒగ్గీ. సిన్నోటి తలుపు మాత్రం తియ్యకు. ఆటికింకా..."

ఆ తర్వాత ఏం చెప్పారో నాకు తెలియదు. యార్డులో ఇంజను కూత వేసిందని చెప్పి తప్పించుకోవచ్చు. నిజం చెబితే, ఆయన మీసం కదులుతుంటే చూస్తూ ఉండిపోయాను. కొత్త పెళ్ళికూతుర్ని, ఆ మాత్రం చూడనివ్వండి.

"ఇన్నావా?"

"ఇన్నానండి."

పెద్దగూడు తెరిచాను. అవి బుర్రుమని లేచి ఆకాశంలో చుక్కలైపోయాయి. చిన్నగూట్లో పిల్లలు వలకి ముక్కులు ఆనించి గుర్రుగుర్రుమంటున్నాయి. పెద్దవాళ్ళు షికారుకెళ్ళి పిల్లల్ని గదిలో పెట్టి గడియ వెయ్యడం ఏం న్యాయం? నా మనసు వెన్నలా కరిగిపోయింది. గడియ తీసేశాను.

మొదట బాగానే ఎగిరాయి. కాసేపటికి ఒక నల్లపిల్ల గాలిలోనే ఉన్నట్టుండి రెక్కలు బిగించి, తల వెనక్కి విరుచుకుని, చేతిలోంచి జారిన దారపు ఉండలా గిరగిరా తిరుగుతూ కిందికొచ్చేసింది! బట్టల తీగ ఎత్తున ఎలాగో నిలదొక్కుకుంది. దాన్ని చూసి రెండోది. మూడోది మరీ ఘోరం, తిరుగుతూ తిరుగుతూ వచ్చి తీగ మీది తడిదుప్పటికి కొట్టుకుని, జర్రున జారి బురదలో కూలబడింది.

"ఓలమ్మో! మూర్ఛ!"

మా ఊళ్ళో మూర్ఛ వస్తే చేతిలో ఇనుము పెట్టి, ముక్కు దగ్గర ఉల్లిపాయ ఉంచేవారు. అది వైద్యమే కాదని ఇప్పుడు తెలుసు, అప్పుడు తెలియదు. పావురానికి చెయ్యి లేదు కనుక బీరువా తాళంచెవి కాలికి కట్టాను. ముక్కు రంధ్రాలు ఎక్కడున్నాయో వెతికి ఉల్లిపాయ ముక్క పెట్టాను. అది నన్ను చూసిన చూపు ఉందే, మా అత్తగారు కూడా అలా చూడలేదు.

నా కేకలకు గోడ అవతలి హిందీ పిన్నిగారు, చాచీ, తల పైకెత్తింది. "క్యా హువా, బహూ?"

పిల్ల పడిందని చెప్పడానికి నా హిందీ అగ్గిపెట్టె తెరిచాను. "బచ్చా గిరా! ఊపర్ సే గిరా!"

"హాయ్ రామ్! కిస్‌కా బచ్చా?"

"మేరా! మేరా బచ్చా!" ఎవరి బిడ్డ అంటే నా బిడ్డే అన్నాను.

ఆవిడ నా పసుపుతాడు వంక చూసింది, పొట్ట వంక చూసింది. "తేరా? ఇత్‌నీ జల్దీ?" నీదా, ఇంత తొందరగానా అంటూనే పరిగెత్తుకొచ్చి, పడ్డ బిడ్డ కోసం నీళ్ళతొట్టీ, మురిక్కాలవా వెతకడం మొదలెట్టింది.

ఇక లాభం లేదని ఎదురు క్వార్టర్ అప్పన్న బాబాయి తలుపు బాదాను. ఆయనది మా ఆయన పనిచేసే చోటే, నైట్ డ్యూటీ చేసొచ్చి గుర్రుపెడుతున్నాడు.

"బాబాయ్, లెగు! పిల్లలకి మూర్ఛొచ్చీసింది! ఆయన్ని తీసుకురా!"

"ఎవులి పిల్లలకే?"

"మా ఆయన పిల్లలకే!"

సగం నిద్రలో ఉన్న మనిషికి ఇంతకంటే వివరం అక్కర్లేకపోయింది. చొక్కా తిరగేసి తొడుక్కుని సైకిలెక్కేశాడు.

యార్డులో జరిగింది తర్వాత ఆయన చెబితే విన్నాను. బాబాయి అల్లంత దూరం నుంచే కేకేశాడట. "ఒరే, నీ పిల్లలకి ఫిట్సంటరా! ఒకలికి కాదు, అందరికీ! మీ ఆడది గోలెట్టేత్తంది!"

పనిచేస్తున్న సుత్తులన్నీ ఆగిపోయాయి. మిస్త్రీ, అంటే వాళ్ళ మీదివాడు, కళ్ళజోడు తీసి మా ఆయన్ని కింది నుంచి మీదిదాకా చూశాడు. "షాదీ కీ ఛుట్టీ తో అభీ దీ థీ. ఇత్‌నే బచ్చే కహాఁ సే?" పెళ్ళి సెలవు మొన్ననే ఇచ్చాను కదా, ఇంతమంది పిల్లలు ఎక్కణ్ణించి అని అతని సందేహం.

"ఏటుంది బాబూ, ఊర్లో పాత కాపరం ఉండుంటది. ఆ పిల్లల్ని తెచ్చి ఈ కొత్త పెళ్ళాం కాడ దించీసినట్టున్నారు" అని ఎవరో తేల్చేశారు.

మా ఆయనకు మాత్రం చప్పున వెలిగింది. "సిన్నోటి తలుపు తీసీసింది రా నాయనా!" అని నెత్తి కొట్టుకుంటూ సైకిలెక్కారు. ఆ పరుగే నేరం ఒప్పుకున్నట్టు లెక్కయిపోయింది. పాపం, మిస్త్రీది జాలిగుండె. దారిలో డిస్పెన్సరీ నుంచి డాక్టరుగారిని కూడా తన సైకిలెక్కించుకుని వెనకే వచ్చాడు.

నేను గడపలో కూర్చుని ఒడిలో కొంగు కప్పుకుని ఏడుస్తున్నాను. మిస్త్రీ నా ముందు నిలబడి గంభీరంగా అన్నాడు. "రో మత్, బేటీ. ఇస్‌కా ఫైసలా హమ్ కరేంగే." ఏడవకు, దీని సంగతి మేం తేలుస్తాం అని. పావురాల గురించే అనుకుని దండం పెట్టాను.

డాక్టరుగారు మన తెలుగాయనే. పెట్టె తెరుస్తూ, "పిల్లలేరమ్మా?" అన్నారు.

కొంగు తీశాను. తాళంచెవితో సహా పావురం.

డాక్టరుగారు పావురాన్ని చూశారు, నన్ను చూశారు, ఉల్లిపాయను చూశారు. "ఇదెవరికి?"

"దానికేనండి."

మా ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నారు. కాళ్ళు వేళ్ళ మధ్య ఇరికించి, బొటనవేలు వీపు మీద ఆనించి, రెక్కలు ఒక్కొక్కటే మెల్లగా విప్పి తడిమారు.

"ఇరగలేదు" అన్నారు చివరికి. అప్పుడు ఏడిచాను చూడండి, అంతకుముందు ఏడిచింది ఏడుపే కాదు.

"ఇయ్యి గిరేబాజులే! పిల్లిమొగ్గలెయ్యడమే ఈటి గొప్ప. పెద్దోటికి ఎక్కడ ఆపాలో తెలుసు. పిల్లలకి మొదలెట్టడమే తెలుసు, ఆపడం తెలీదు. నేల దాకా దొర్లుకొచ్చేత్తాయి. అందుకే తియ్యొద్దన్నాను."

డాక్టరుగారు పెట్టె మూసేస్తూ నా వైపు తిరిగారు. "మొదలెట్టడమే గానీ ఆపడం తెలియకపోవడం... ఈ ఇంట్లో అది ఒక్క పావురాలకే కాదులే."

చాచీ ఇంకా కాలవలో వెతుకుతోంది. ఆవిడకు అర్థమయ్యేలా చెప్పేసరికి దీపాలు పెట్టే వేళయింది.

ఆయన గింజల డబ్బా గలగలలాడించి మిగతా పిల్లల్ని గూట్లోకి పిలిచారు. దెబ్బతిన్నదాన్ని పాతగుడ్డలు పరిచిన బుట్టలో, చీకటి మూల వెచ్చగా ఉంచారు. కొన్నాళ్ళకు కోలుకుంది. గాలి లేని సాయంత్రాల్లో, నిదానమైన పెద్దపావురాన్ని తోడిచ్చి, కాసేపే వదిలేవాళ్ళం. మరీ కిందికి దొర్లినదాన్ని మళ్ళీ కొన్నాళ్ళు లోపలే ఉంచేవాళ్ళం. పట్టుకోవడం నాకూ చేతనయింది. అవి కూడా నన్ను క్షమించినట్టే ఉన్నాయి, ఉల్లిపాయ కోస్తున్నప్పుడు తప్ప.

యార్డు మాత్రం క్షమించలేదు. మరుసటేడు మాకు నిజంగానే ఆడపిల్ల పుట్టింది. సూది వేయించడానికి డిస్పెన్సరీకి తీసుకెళ్ళాను. డాక్టరుగారు పొత్తిగుడ్డ ఒక్కటీ విప్పకుండా, ముందు కళ్ళజోడు మీంచి నన్ను చూసి అడిగారు.

"ఈసారి రెక్కలున్నాయో లేవో చూసే తెచ్చావు కదమ్మా?"

అక్కడే, స్పిరిట్ వాసన కొట్టే ఆ బల్ల మీద చెయ్యేసి ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో 'పిల్లలు' అన్న మాట నోట్లోంచి వచ్చేముందు, అవి మనుషులో పక్షులో స్పష్టంగా ప్రకటిస్తాను. కాళ్ళ లెక్క చెబితే లాభం లేదు, రెండువైపులా రెండే. కనుక ఈకల సంగతి ముందు చెబుతాను. మాట తప్పితే, ఆ ఉల్లిపాయ నా ముక్కుకే పెట్టండి.